బంక చేసిన వదిన

ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత. నా విషయంలో ఆ సామెత తప్పింది. నాకు దొరికిన ఆడబిడ్డకు పెత్తనం చెయ్యడం రాదు. ఆ లోటు ఇంట్లో ఉండకూడదని పెత్తనమంతా నేనే చేశాను, ఆమె మీదా, వాళ్ల అన్నయ్య మీదా. ఆమెను ఇంట్లో అందరం బంక అంటాం. మా ఆయన పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆయన చొక్కా అంచు పట్టుకుని ఎక్కడికెళితే అక్కడికి వచ్చేదట, విదిలించుకున్నా వదిలేది కాదట. పెద్దయ్యాక చొక్కా వదిలింది గానీ గుణం వదల్లేదు. ఏ విషయమైనా పట్టుకుందంటే ఇక అంతే.

బంక మందులు చేస్తుంది. మందులంటే దుకాణంలో దొరికేవి కావు, ఇంకా మందులు కాని మందులు. ఒంట్లో చచ్చిన బాక్టీరియా వదిలిపోయే విషం ఒకటుంది. దాన్ని పట్టి కట్టెయ్యగల చిన్న చిన్న అణువులను ముందు కాగితం మీద గీస్తుంది, తర్వాత సీసాలో తయారుచేస్తుంది, ఆ తర్వాత అవెందుకు పనికిరావో తెలుసుకుంటుంది. మళ్లీ కాగితం తీస్తుంది. "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని ఎవరైనా అడిగితే "అయిపోవచ్చింది" అంటుంది. ఆ మాట నేను మొదటిసారి విన్నప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది.

మనిషి పొట్టి. ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్న మొహంతో తిరుగుతుంది, నిజంగానే పోగొట్టుకుంటుంది కూడా. గొడుగులు, తాళంచెవులు, ఒకసారి ఒక చెప్పు. ఒక్క చెప్పుతో ఇంటిదాకా ఎలా నడిచావే అంటే, "ఏదో తేడాగా ఉందనుకున్నా వదినా, రోడ్డు బాలేదేమో అనుకున్నా" అంది. కానీ ఎప్పుడో చేసిన అణువుకు ఏ చివర ఏం తగిలించిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పెళ్లి మాటెత్తినప్పుడల్లా "చేతిలో పనుంది" అనేది. ఆ పని ఇంకా చేతిలోనే ఉంది, ఆమె ఇంకా మా మేడ మీది గదిలోనే ఉంది. ఉన్నందుకు నాకు సంతోషమే. ఈ ముక్క ఆమెతో మాత్రం ఎప్పుడూ అనను, నెత్తికెక్కుతుంది.

మొదట్లో ఆమె సబ్బుల కంపెనీలో పనిచేసేది. గిన్నెలు తోమే ద్రవం చేసే విభాగం. సబ్బు అణువుకు ఒక కొస నీళ్లంటే ఇష్టమట, రెండో కొస జిడ్డంటే ఇష్టమట. జిడ్డును పట్టి నీళ్లకు అప్పగించడమే తన ఉద్యోగమని చెప్పేది. సాయంత్రం ఇంటికి రాగానే తిన్నగా వంటింట్లోకెళ్లి నేను వాడే ద్రవం వాసన చూసి, మొహం చిట్లించి, "నురగ ఎక్కువ, పని తక్కువ" అనేది. "కొందరు మనుషుల్లాగా" అని నేను కలిపేదాన్ని. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యేదేమో, మా ఆయనకు ఆ జబ్బు రాకపోతే.

మా ఆయన గడియారాలు బాగుచేసేవారు. మా ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద దీపం, గోడ నిండా తలా ఒక టైము చూపించే గడియారాలు. ఒక ఏడు ఆయనకు మూత్రపిండంలో రాయి అడ్డుపడి, వెనక చీము పట్టి, అది రక్తంలోకి పాకింది. ఆసుపత్రిలో చేర్చాం. యాంటీబయాటిక్ ఎక్కించారు. "మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, క్రిములు చచ్చిపోతున్నాయి" అని డాక్టరు చెప్పిన పూటే మనిషి కుప్పకూలిపోయారు. బీపీ అందడం లేదన్నారు. నేను డాక్టరు మీద విరుచుకుపడ్డాను. "చస్తున్నవి క్రిములైతే మధ్యలో ఈయన ఎందుకు పోతున్నారు?" అని అరిచాను.

పాపం ఆయన ఓపిగ్గానే చెప్పాడు. కొన్ని రకాల బాక్టీరియాకు పైన ఒక పొర ఉంటుందట. బతికుండగా అది దాని చర్మం. చచ్చాక ఆ పొర ముక్కలై రక్తమంతా చెల్లాచెదురవుతుంది. ఆ ముక్కలను చూసి ఒళ్లు పెద్ద దండు వచ్చి పడిందనుకుని, శత్రువును కాల్చబోయి సొంత ఇల్లే తగలబెట్టుకుంటుంది. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది గానీ ఆ ముక్కలను ఏమీ చెయ్యలేదు. దాన్ని ఎండోటాక్సిన్ అంటారని చెప్పాడు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచీ దాని పేరు పొట్టు.

ఆయన బతికారు. కుడిచేతి వేళ్ల కొసలు మాత్రం నల్లబడిపోయాయి, తీసెయ్యాల్సి వచ్చింది. గడియారాలు బాగుచేసే మనిషికి అంతకన్నా ఏం పోవాలి? కూర్చుని ఏడ్చే ఓపిక నాకు లేదు గనక బల్ల దగ్గర నేను కూర్చున్నాను. కళ్లు ఆయనవి, చేతులు నావి. ఆయన పక్కన కూర్చుని భూతద్దంలోంచి చూస్తూ "ఆ చిన్న పళ్లచక్రం, దాని కిందిది, మెల్లగా" అని చెబితే నేను పట్టకారుతో తీసేదాన్ని. "చెయ్యి వణుకుతోందోయ్" అనేవారు. "మీ నోరు ఆగితే నా చెయ్యీ ఆగుతుంది" అనేదాన్ని. మొదటి ఏడాది మేము చెడగొట్టిన గడియారాలు దేవుడికే తెలియాలి. తర్వాత చెయ్యి కుదిరింది.

ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ బంక ఒక్క ప్రశ్న మాత్రం వేసింది, డాక్టర్ని. "ఆ పొట్టు దేనితో తయారవుతుందండీ?" దుఃఖంలో ఏదో అడుగుతోందనుకుని ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆమె పుస్తకాలు తెచ్చుకుంది. కొన్నాళ్లకు నేను బల్ల దగ్గర ఒక చేతి గడియారానికి పట్టీ బిగిస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వదినా, అది జిడ్డే" అంది. "ఇన్నాళ్లూ నేను చేస్తున్న పనే."

నా చేతిలో పట్టీని పట్టి ఉంచే పుల్ల ఉంది. లోపల స్ప్రింగు ఉండే సన్నటి పుల్ల. గడియారానికి ఉన్న రెండు చెవుల మధ్య సరిగ్గా పట్టాలి. పొట్టిదైతే జారిపోతుంది, పొడవైతే కూర్చోదు. బంక దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"ఇదిగో, ఇలాంటిది కావాలి. పొట్టుకు రెండు తలకాయలున్నాయి, రెండింటికీ మైనస్ చార్జీ ఉంది. వాటి మధ్య దూరం ఎప్పుడూ అంతే, మారదు. ఆ దూరానికి సరిపోయే పుల్ల చేసి, రెండు చివర్లా ప్లస్ పెడితే పోయి అతుక్కుంటుంది."

"అతుక్కున్నది ఊడదా?" అన్నాను.

"ఊడుతుంది. అందుకే ఒక జిడ్డు తోక కూడా పెట్టాలి. పొట్టు కాళ్లన్నీ జిడ్డువే. జిడ్డులోకి జిడ్డు దూరితే ఇక రాదు."

"రెండు చేతులు, ఒక తోక. కోతి అన్నమాట" అన్నారు మా ఆయన పక్క నుంచి.

ఆ కోతిని చెయ్యడానికి బంక సబ్బుల కంపెనీ వదిలేసింది. చుట్టాలందరూ గుండెలు బాదుకున్నారు. ఊళ్లోని పెద్దాసుపత్రి వెనక భవనంలో ఒక ప్రొఫెసరు గారి ల్యాబు ఉంటే అందులో చేరింది. బట్టతల, మెత్తటి గొంతు, ఎప్పుడూ తుమ్ముతున్నట్టుండే మొహం ఆయనది. మూడో అంతస్తు. వరండా పొడుగునా పాడైన ఫ్రిజ్‌లు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఎవరూ తీసుకెళ్లరు, ఎవరూ పారెయ్యరు. లోపల మూసుకోని కిటికీ ఒకటి, బల్లల మీద గాజు సామాను, మూలన బీరువా అంత ఓవెను. గాజు సామానంతా రొట్టె మాడి బొగ్గయ్యేంత వేడిలో కాల్చి గానీ వాడరు. ఎందుకంటే మరిగిస్తే క్రిమి చస్తుంది గానీ పొట్టు చావదు. ఈ జ్ఞానం ఆమె ఇంటికి కూడా పట్టుకొచ్చింది. నేను నీళ్లు కాచి చల్లార్చి ఇస్తే గ్లాసు వెలుతురుకెత్తి చూసి, "చచ్చాయి గానీ పోలేదు వదినా" అనేది. "దాహంగా ఉంటే తాగు, లేకపోతే ఓవెన్లో పెట్టుకో" అనేదాన్ని.

కోతికి చేతులు త్వరగానే కుదిరాయి. ఏళ్లు తినేసింది తోక. తోక పొట్టిదైతే పొట్టును పట్టి ఉంచదు. పొడవైతే మన రక్తకణాలను కూడా చీల్చేస్తుంది, ఎందుకంటే వాటి చర్మం కూడా జిడ్డే. "దొంగనీ ఇంటాయననీ ఒకేలా కొట్టే పోలీసు వదినా" అని వాపోయేది. కాస్త కత్తిరించేది, కాస్త పొడిగించేది, మధ్యలో ఒక మెలిక పెట్టేది. ఒక్కో మార్పుకూ నెలలు.

ల్యాబులో ప్రతి అణువుకూ ఒక నంబరుంటుంది. ఇంట్లో నంబర్లు చెబితే మాకు ఎక్కవని చుట్టాల పేర్లు పెట్టింది. పెద్దత్త అని ఒకటి, కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది, పట్టుకోవాల్సిన దాన్ని తప్ప. చిన్న మావయ్య అని ఒకటి, పని మొదలు కాకముందు అందరికన్నా ముందుంటుంది, మొదలయ్యాక చూస్తే ఉండదు. బాబాయి ఎందులోనూ కరగదు, ఏం పోసినా అడుగున కూర్చుంటుంది. అసలు బాబాయి ఒకసారి మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని ఉండగా బంక లోపలికి వస్తూనే "ఇవాళ బాబాయిని యాసిడ్‌లో వేశాం" అంది. ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఒక సాయంత్రం వీధి గుమ్మంలోంచే "వదిన పట్టుకుంది! వదిన పట్టుకుంది!" అని అరుస్తూ వచ్చింది.

"ఏం పట్టుకున్నానే, ఇక్కడే ఉన్నాను కదా" అన్నాను.

అప్పుడు సిగ్గుపడింది. కొత్త అణువుకు నా పేరు పెట్టిందట. పొట్టును పట్టుకుంటే వదలదట, పక్కనున్న రక్తకణాలను పల్లెత్తు మాట కూడా అనదట.

"పక్కవాళ్లను ఏమీ అనదా? అయితే మీ వదిన నీకింకా సరిగ్గా తెలీదు" అన్నారు మా ఆయన.

నేను కోపం నటించాను గానీ ఆ వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. సెల్లు మార్చుకోవడానికి వచ్చినాయనకు కూడా.

ఇక్కడ ఆ ల్యాబు పద్ధతి ఒకటి చెప్పాలి. ఈ అణువులు పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే తాజా మనిషి రక్తం కావాలి. చిన్న గొట్టంలో రక్తం పోసి, అందులో చిటికెడు పొట్టు వేస్తే కణాలు గగ్గోలు పెడతాయి. ఆ గగ్గోలును కొలిచే యంత్రం ఉంది. ముందు వదినను వేసి తర్వాత పొట్టు వేస్తే అవి గప్‌చుప్‌గా ఉండాలి. ఆ రక్తం ఎవరిదంటే ల్యాబువాళ్లదే, వంతులవారీగా. అందుకు నియమాలున్నాయి. జలుబు చేసినవాళ్లు పనికిరారు. ముందురోజు తలనొప్పి మాత్ర వేసుకున్నా పనికిరారు. కాస్త నలతగా ఉన్నవాడి కణాలు అప్పటికే చిరాగ్గా ఉంటాయట, ఏం వేసినా వెయ్యకపోయినా అరుస్తాయట, లెక్క చెడిపోతుందట. అందుకని ప్రొఫెసరు గారు తనే నిలబడి కళ్లు చూసి, నాలుక చూసి, "నిన్న బాగా నిద్రపట్టిందా?" అని అడిగి మరీ తీసుకునేవారు. ఇచ్చినవాళ్లకు బిస్కెట్లు పెట్టేవారు. మనుషులు చాలనప్పుడు నేనూ వెళ్లాను. ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి తీశారు. "మీ నెత్తురు బంగారమమ్మా" అన్నారు ఆయన. ఆ మాట మా ఆయనకు ఎన్నిసార్లు గుర్తుచేశానో.

అందరి రక్తంలోనూ వదిన గెలిచింది. ఎలుకల్లోనూ గెలిచింది. ఇంకా చెయ్యాల్సిన పరీక్షలు చాలా ఉన్నాయి, అవన్నీ అయితే గానీ మనుషులకు ఇవ్వరు. అయినా బంక "అయిపోవచ్చింది" అంటే మొదటిసారి మేమెవరమూ నవ్వలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున బల్ల దగ్గర గోడ గడియారం విప్పుకుని కూర్చున్నాం. "ఎడమ పక్క మర తియ్యి" అన్నారు ఆయన. ఎడమ పక్క మర లేదు. అక్కడ ఎప్పుడూ ఉండదని నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తలెత్తి చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి. మండు వేసవిలో పళ్లు కొట్టుకుంటున్నాయి. చేతిలో ఉన్నది ఎక్కడ పెట్టానో కూడా చూడకుండా టాక్సీ కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను.

ఈసారి రెండో మూత్రపిండం. పెద్దాసుపత్రిలో ఉన్న డాక్టరమ్మ మాటలు నాన్చే రకం కాదు. "రాయి అడ్డంగా కూర్చుంది, వెనక చీము నిలిచింది. దాన్ని దాటించి ఒక గొట్టం వేసి చీము దించాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టేశాం" అంది. ఆ చివరి మాట వింటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. వెనక భవనం నుంచి పరుగున వచ్చిన బంకా, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపల క్రిములు చావడం మొదలైందని మా ఇద్దరికీ తెలుసు.

వరండాలో ఆమెను గోడవైపుకి లాగాను. "వదిన ఎంత ఉంది నీ దగ్గర?"

"ఉంది."

"ఒక మనిషికి సరిపోతుందా?"

"సరిపోతుంది వదినా."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

తలొంచుకుని కోటు జేబులో చెయ్యి పెట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నా పేరు పెట్టుకున్నావు. నా నెత్తురు పోసుకున్నావు. తీరా నా మొగుడికి కావాల్సొచ్చేసరికి నీళ్లు నములుతున్నావు. నీకు అన్నయ్యకన్నా సీసాలే ఎక్కువయ్యాయా?" అన్నాను. వరండాలో అందరూ చూశారు. చూడనీ. మొగుడు లోపల అలా ఉంటే మాటలు తూచి మాట్లాడే మనిషిని కాను నేను, ఇప్పుడైనా అదే అంటాను.

బంక కోటు జేబులోంచి చిన్న సీసా తీసింది. అడుగున తెల్లటి పొడి. "నువ్వు అడక్కముందే తెచ్చాను వదినా. కబురు తెలియగానే నా చెయ్యి దీని మీదికే పోయింది. మెట్లు దిగుతున్నంతసేపూ, ఇస్తే ఏమవుతుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది అని అదే లెక్క. తేలలేదు" అంది.

ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె సీసాను చూసింది, ముట్టుకోలేదు. "ఏ మనిషికీ ఇవ్వని మందు నేను ఎక్కించను" అంది. బంక చెప్పుకుంటూ పోయింది, చేతులు, తోక, ఎలుకలు, అన్నీ. డాక్టరమ్మ నిలబడే విన్నది. చివరికి, "పరీక్షలకు తీసిన ఆయన నెత్తురు కాస్త మిగిలింది, ఇస్తాను. ముందు అందులో వేసి చూడు. బాగుంటే పైవాళ్లతో నేనే మాట్లాడతాను. ఈలోపు నేను గొట్టం పని చూసుకుంటాను" అంది.

"నువ్వూ రా. పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నెత్తురు కావాలి" అని బంక నన్ను లాక్కుపోయింది.

అదే స్టూలు. నాలుక చూపించమని ఎవరూ అనలేదు, బిస్కెట్లు ఎవరికీ గుర్తు రాలేదు. ప్రొఫెసరు గారు తనే సూది గుచ్చారు. ఒక వరసలో నా రక్తం, ఇంకో వరసలో మా ఆయనది. రెండింటిలోనూ వదినను వేసింది బంక. కాసేపు వెచ్చగా ఉంచి, గొట్టాలను గిర్రున తిప్పే యంత్రంలో పెట్టింది. కణాలు క్షేమంగా ఉంటే అడుక్కి దిగిపోతాయి, పైన గడ్డిరంగు నీరు తేలుతుంది. పగిలితే లోపలి ఎరుపు బయటపడుతుంది. ఇదంతా తిరుగుతున్న యంత్రం పక్కన నిలబడి ఆమె నాకు చెబుతూనే ఉంది. నాకోసం కాదు, నోరు ఆగితే భయం వేస్తుందని.

మూత తీసింది. నా గొట్టాల్లో గడ్డిరంగు. ఆయన గొట్టాల్లో దానిమ్మరసం.

బంక మళ్లీ మొదలుపెట్టింది. మోతాదు తగ్గించింది. తగ్గిస్తే కణాలు బాగానే ఉన్నాయి గానీ పొట్టు పట్టుబడలేదు. పట్టుబడేంత వేస్తే కణాలు పగిలాయి. మళ్లీ చేసింది. మూసుకోని ఆ కిటికీలోంచి కింద ఎవరో కారు హారను ఆపకుండా కొడుతున్నారు. ప్రొఫెసరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆల్బుమిన్" అన్నారు.

రక్తంలో ఉండే ఒక ప్రొటీను అది. పొట్టును పట్టుకోగా మిగిలిపోయిన వదినను ఒళ్లో కూర్చోబెట్టుకుని అల్లరి చెయ్యకుండా చూస్తుందట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కావలసినంత ఉంటుంది. ఇలాంటి జబ్బు పట్టినవాళ్లలో పడిపోతుంది. మా ఆయనలో పట్టుకునేవాళ్లు లేక వదిన నేరుగా కణాల మీద పడింది.

"జలుబు చేసినవాణ్ని కూడా గడప తొక్కనివ్వలేదు మనం. ఎలుకలు కూడా బలిసినవే" అంది బంక, ఆ ఎర్ర గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని. "జబ్బు మనిషి కోసం చేస్తూ, జబ్బు మనిషి నెత్తురును ఒక్కసారీ లోపలికి రానివ్వలేదు."

"ఇంకోసారి చూడవే" అన్నాను.

"చూశాను వదినా" అంది. సీసాను జేబులో పెట్టుకోలేదు, అలమరలో పెట్టి తాళం వేసింది. "పద, అన్నయ్య దగ్గరికి పోదాం."

మెట్లు దిగుతుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. బంక మీద మాత్రం కాదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను, మంచుగడ్డలా ఉంది. తన సగం జీవితం పోసి చేసిన పని పాడైందని ఒక్క మాటైనా అనలేదు. అన్నయ్యకు ఇవ్వడానికి ఇక ఏమీ లేదన్నదొక్కటే ఆ మొహంలో ఉంది. ఈ పిల్లను నేను కన్నకూతురిలా చూసుకుంటున్నానని చుట్టాలతో చెప్పుకుంటూ ఉంటాను. అది గొప్ప కోసం అనేది కాదని నాకు ఆ మెట్ల మీద తెలిసింది.

డాక్టరమ్మ గొట్టం వేసేసింది. చీము దిగింది. అయినా మొదటిసారిలాగే బీపీ పడిపోయింది, మందుల మీద నిలబెట్టారు. బంక మంచం చివర కూర్చుని ఆయన పాదం పట్టుకుంది. తెర మీది అంకెలు కాస్త కిందికి దిగినప్పుడల్లా ఆమె వేళ్లు బిగిసేవి. అది చూస్తే చాలు, నాకు తెర చూడక్కర్లేకపోయింది. లోపల ఏం జరుగుతోందో అక్కడున్న అందరికన్నా ఆమెకే కళ్లకు కట్టినట్టు కనబడుతోంది, చెయ్యడానికి మాత్రం పాదం పట్టుకోవడం తప్ప ఏమీ లేదు. అంతటి శిక్ష పగవాళ్లకు కూడా వద్దు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ వేళ్లు సడలాయి. డాక్టరమ్మ వచ్చి చూసి, ఒక మందు తగ్గించి, "గండం గడిచింది" అంది. ఆయన కళ్లు తెరిచారు. ముందు నన్ను చూశారు, తర్వాత చెల్లెల్ని.

"బంకా, వదిన ఎక్కిందా నాలోకి?" అన్నారు.

"నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను.

"నువ్వు కాదోయ్. సీసాలోది."

బంక తల అడ్డంగా ఊపింది. "ఇవ్వలేదు అన్నయ్యా. నీ నెత్తురులో వేసి చూస్తే కణాలు పగిలాయి. మా అందరి నెత్తురులో పగల్లేదు. మేమంతా బాగా తిని, బాగా పడుకున్నవాళ్లం. జబ్బు మనిషిలో ఏమవుతుందో నాకు తట్టలేదు. ఇన్నేళ్లూ తట్టలేదు." అక్కడ ఆగిపోయింది. వాళ్ల అమ్మ పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"అంటే ఇన్నేళ్లూ నువ్వు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మందు చేస్తున్నావన్నమాట" అన్నారు, కళ్లు మూసుకునే.

చావు తప్పి కన్ను లొట్టబోయిన మనిషి వెయ్యాల్సిన జోకా అది? నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. బంకకు ఏడుపులోనే నవ్వొచ్చి పొలమారింది. నేను వీపు తట్టి నీళ్లు తాగించేసరికి ఆయన దుప్పటి కిందనుంచి ఎడమచేతిని మెల్లగా బయటికి జరిపి మంచం అంచున పెట్టారు. సూదులు గుచ్చి గుచ్చి మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయి ఉంది.

"తీసుకో మరి."

"ఏంటి అన్నయ్యా?"

"నెత్తురు. మీ ల్యాబులో ఎవరి దగ్గరా లేనిది నా దగ్గరే ఉందిగా."

"ఇప్పుడు కాదులే. కాస్త బాగుపడు, అప్పుడు తీసుకుంటా."

"బాగుపడితే నీకేం పనికొస్తానే, పిచ్చిదానా?"

బంక నా వైపు చూసింది. ఉన్న నాలుగు చుక్కలూ దానం చేసి పోతారా అని కేకలెయ్యడానికి నేను అప్పటికే నోరు తెరిచి ఉన్నాను. "వెళ్లి డాక్టరమ్మను అడిగి రా, ఎంత తియ్యొచ్చో" అన్నాను, ఆయన చొక్కా చేతిని మోచెయ్యి దాటేదాకా మడుస్తూ.